పాత ఇంగ్లిష్ బోన్ చైనా టీ సెట్ అమ్మాలంటే: ముందు కప్పు బోర్లించి చూడండి

ఇల్లు మారేటప్పుడో, పాత పెంకుటిల్లు విప్పి స్లాబు వేసేటప్పుడో అటక మీది పెట్టెలన్నీ కిందికి దిగుతాయి. రాగి కాగులు, ఇత్తడి బిందెలు తూకానికి పోతాయి. వాటి నడుమ పాత బట్టల్లో చుట్టిన పూల కప్పులు, సాసర్లు బయటపడితే మాత్రం ఏం చేయాలో తోచదు. పాత సామాను కొనే అతన్ని పిలిస్తే "పింగాణీకి తూకం ఉండదమ్మా, అన్నీ కలిపి ఐదొందలు ఇస్త" అంటాడు. ఇంట్లో పిల్లలేమో ఫోన్‌లో ఎక్కడిదో అమెరికా ధర చూసి లక్ష వస్తుందంటారు. రెండూ నమ్మకండి. మీ చేతిలో ఉన్నదేమిటో మీకు తెలియాలి, దాని లోపాలు దాచకుండా చెప్పాలి, కొన్నాళ్లు ఓపిక పట్టాలి. ఇవి ఉంటే వరంగల్‌లో కూర్చునే మంచి ధరకు అమ్ముకోవచ్చు. ఎలాగో వరసగా చెప్తాను.

ముందు ఇంట్లో మాట్లాడండి

అమ్మ పెట్టెలోదో, అత్తగారి అల్మారాలోదో అయితే అది మీ ఒక్కరిదే కాకపోవచ్చు. అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు, ఆడబిడ్డలకు ఫోన్ చేసి "అమ్ముదామనుకుంటున్న, మీకేమన్నా కావాల్నా" అని అడగండి. అమ్మేసిన తర్వాత తెలిస్తే డబ్బు సంగతి అటుంచి, నన్నొక్క మాట అడగలేదన్న బాధ మిగిలిపోతుంది. ఎవరైనా గుర్తుగా ఒక కప్పు అడిగితే కప్పొక్కటే తీసి ఇవ్వకండి. దాని సాసర్, చిన్న ప్లేటు కూడా కలిపి ఇవ్వండి. అప్పుడు మిగిలింది ఐదుగురి సెట్‌గా నిలబడుతుంది. కప్పొక్కటే పోతే ఆరు సాసర్లకు ఐదు కప్పులై, చూసిన ప్రతివాళ్లూ "ఇంకోటి పగిలిందా?" అని అడుగుతారు.

అదే ఫోన్లో ఇంకో సంగతి కూడా ఆరా తీయండి: ఈ సెట్ మనింటికి ఎట్లా వచ్చింది? మన వైపు ఇళ్లలోకి ఇంగ్లిష్ టీ సామాను వచ్చిన దారులు చాలానే ఉన్నాయి. 1929లో బల్లార్షా లైను పూర్తయ్యాక కాజీపేట పెద్ద జంక్షన్ అయింది. అక్కడి రైల్వే క్వార్టర్లలో ఆంగ్లో ఇండియన్ డ్రైవర్ల, గార్డుల కుటుంబాలు ఉండేవి. వాళ్లు దేశం విడిచి వెళ్తూ ఇంటి సామాను ఇరుగుపొరుగుకు ఇచ్చి, అమ్మి పోయారు. సింగరేణి గనుల్లో దొరల బంగళాలు ఉండేవి. డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిలో ఇంగ్లండ్ నుంచి వచ్చిన మిషన్ డాక్టర్లు పనిచేశారు. గడీల్లో దేశ్‌ముఖులు హైదరాబాద్ నుంచి తెప్పించుకున్నవీ ఉన్నాయి. వీటన్నిటికంటే దగ్గరి దారి, కాకతీయ మెడికల్ కాలేజీలో చదివి ఇంగ్లండ్‌లో పనిచేసి తిరిగొచ్చిన డాక్టర్ల పెట్టెలు.

పెద్దవాళ్లు చెప్పింది ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. పాత బిల్లు, ఆ కప్పులు కనిపించే పెళ్లి ఫొటో, ఏదున్నా పక్కన పెట్టండి. సామానుతో పాటు దాని కథ కూడా కొనుక్కునేవాళ్లు ఉంటారు. కానీ తెలిసినంతే చెప్పండి. "నిజాం నవాబు తాగిన కప్పు" లాంటి మాట ఒక్కటి కలిపినా, నిజంగా తెలిసిన కొనుగోలుదారు మిగతావి కూడా నమ్మడు.

అది బోన్ చైనాయేనా?

తెల్లగా మెరిసే పింగాణీ అంతా బోన్ చైనా కాదు. ఇంగ్లండ్‌లోని స్టాఫర్డ్‌షైర్‌లో స్టోక్ ఆన్ ట్రెంట్ అనే కుమ్మరి పట్టణాల ప్రాంతం ఉంది. 1790లలో జోసయా స్పోడ్ కార్ఖానా అక్కడే ఈ మిశ్రమాన్ని ఒక కొలిక్కి తెచ్చింది. సుమారు సగం పాళ్లు కాల్చిన పశువుల ఎముకల బూడిద, మిగతా సగంలో తెల్లని చైనా మట్టి, కార్న్‌వాల్ రాయి పొడి. ఆ బూడిద కలవడం వల్లే అంత పల్చగా చేసినా గట్టిగా ఉంటుంది, వెలుతురు దాటుతుంది.

రాత్రి పూట గదిలో లైట్లు ఆర్పి, కప్పుకు బయటి వైపు నుంచి ఫోన్ టార్చ్ వెలుతురు పడేలా పెట్టండి. బయట మీ నాలుగు వేళ్లు ఆనించి పట్టుకుంటే వేళ్ల నీడ లోపలి వైపు నుంచి స్పష్టంగా కనిపించాలి. వెలుతురు కొంచెం మీగడ రంగులో ఉంటుంది. మందంగా ఉండి వెలుతురు అస్సలు దాటకపోతే అది మామూలు మట్టి పింగాణీ. అదీ ఇంగ్లండ్‌దే కావచ్చు. జాన్సన్ బ్రదర్స్ పేరున్న పూల ప్లేట్లు చాలావరకు ఆ రకమే. వాటికీ కొనేవాళ్లుంటారు, కానీ బోన్ చైనా అని చెప్పి అమ్మకూడదు.

తర్వాత కప్పును పిడి దగ్గర వదులుగా పట్టుకుని అంచు మీద గోరుతో మెల్లగా తట్టండి. గంట మోగినట్టు సన్నగా, కాసేపు సాగే మోత వస్తే మంచిది. ఢబ్ మని ఆగిపోతే ఎక్కడో వెంట్రుక పగులు ఉంది. ఈ పరీక్ష ఒక్కో కప్పుకు, ఒక్కో సాసర్‌కు విడివిడిగా చేయండి.

ఎముకల బూడిద సంగతి ఇక్కడే చెప్పాలి. మన దగ్గర శాకాహారం నిష్ఠగా పాటించే కుటుంబాలు చాలా ఉన్నాయి. కొందరికి ఇందులో ఏముందో తెలియక కొని, తర్వాత తెలిసి నొచ్చుకుంటారు. అడగకపోయినా మీరే ముందు చెప్పేయండి. ఒక బేరం పోవచ్చు, ఫర్వాలేదు. అమ్మాక తిరిగి తెచ్చి గొడవ పెట్టుకునే కంటే నయం.

కప్పు అడుగున రాసి ఉన్నది చదవండి

ధర తేల్చేది పైన పూలు కాదు, అడుగున ముద్ర. సాసర్ బోర్లించి, పగటి వెలుతురులో, అవసరమైతే భూతద్దంతో చూడండి. ప్రతి ముక్క అడుగునా చూడాలి. ఒకే సెట్‌లో వేరే కంపెనీ సాసర్ కలిసిపోయి ఉండటం మామూలే.

మొదట కంపెనీ పేరు. రాయల్ ఆల్బర్ట్, ఐన్స్లీ, వెడ్జ్‌వుడ్, స్పోడ్, మింటన్, రాయల్ డౌల్టన్, పారగాన్, కోల్‌పోర్ట్, షెల్లీ, రాయల్ వుస్టర్, రాయల్ క్రౌన్ డెర్బీ. ఈ పేర్లలో ఏదైనా ఉంటే ఆగి ఆలోచించాల్సిన సెట్టే. కిరీటం, సింహం బొమ్మ మాత్రమే ఉండి కంపెనీ పేరు లేకపోతే ఎక్కువ ఆశ పెట్టుకోకండి. ఉత్త "రాయల్" అనే మాటకు కూడా విలువ లేదు, ఎవరైనా వేసుకోవచ్చు. నోరిటాకే అని ఉంటే అది జపాన్ కంపెనీది. మంచి సామానే, కానీ ఇంగ్లిష్ సెట్ కాదు.

తర్వాత దేశం పేరు. 1891 నుంచి అమెరికాకు పోయే సామాను మీద దేశం పేరు ఉండాలని అక్కడి చట్టం పట్టుబట్టింది. అందుకే ఆ కాలం నుంచి ముద్రల్లో "ఇంగ్లండ్" అనే మాట కనిపిస్తుంది. "మేడ్ ఇన్ ఇంగ్లండ్" అని పూర్తిగా ఉంటే సాధారణంగా ఇరవయ్యో శతాబ్దపు సరుకు. "బోన్ చైనా" అన్న మాట ముద్రలో ఉన్నా అంతే. "డిష్‌వాషర్ సేఫ్" అని ఉంటే ఇంకా ఇటీవలిది. నూరేళ్ల నాటిదని చెప్పుకునే సెట్ కింద ఆ మాట ఉంటే ఆ కథ అక్కడితో ఆపేయాలి.

కొన్నిటి మీద "ఆర్‌డీ నంబర్" అని ఒక అంకె ఉంటుంది. అది డిజైన్ రిజిస్టర్ చేసిన నంబర్. 1884లో ఒకటితో మొదలై, 1900 నాటికి మూడున్నర లక్షలకు చేరింది. ఇది డిజైన్ పుట్టిన కాలం చెప్తుంది తప్ప మీ కప్పు తయారైన ఏడాది చెప్పదు. ఒకే డిజైన్ ముప్పై నలభై ఏళ్లు చేసిన కంపెనీలున్నాయి. 1842 నుంచి 1883 దాకా దీని బదులు పేకముక్కల్లోని డైమండ్ ఆకారంలో చిన్న గుర్తు వేసేవాళ్లు. అది కనిపిస్తే అమ్మే మాట కాసేపు పక్కన పెట్టి, తెలిసినవాళ్లకు చూపించండి.

మన ఇళ్లలో ఎక్కువగా కనిపించేది రాయల్ ఆల్బర్ట్ వాళ్ల ఓల్డ్ కంట్రీ రోజెస్: ఎర్ర, పసుపు, గులాబీ రంగు గులాబీలు, అంచున బంగారు గీత. 1962లో వచ్చింది. లోకమంతా విపరీతంగా అమ్ముడైంది కాబట్టి అరుదు కాదు. అయినా కొనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు, ఎందుకంటే పగిలిన కప్పుకు జోడీ వెతుక్కునేవాళ్లే బోలెడు. ఇందులో ఒక తేడా ఉంది. 2000లలో తయారీ ఇండోనేషియాకు మారింది. ఇంగ్లండ్ ముద్ర ఉన్నవాటినే సేకరించేవాళ్లు అడుగుతారు. మీ ఫొటోలో ఆ ముద్ర కనబడటం ఎంత ముఖ్యమో దీన్నిబట్టి తెలుస్తుంది.

షెల్లీ పేరు కనిపిస్తే మాత్రం తొందరపడొద్దు. ఆ పేరుతో 1910 నుంచి 1966 దాకానే సరుకు వచ్చింది. పల్చదనానికి పేరు. 1930ల నాటి కోణాల ఆకారపు కప్పులకైతే విదేశాల్లో ప్రత్యేకంగా వెతికేవాళ్లున్నారు.

పింగాణీ మీద కన్ను కుదరాలంటే ఒకసారి హైదరాబాద్ వెళ్లినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరప్ పింగాణీ గదులు చూసి రండి. శుక్రవారం సెలవు. అక్కడి సామాను మీ ఇంటిదానికి సాటి అని కాదు. చేతి పని ఏది, అచ్చు వేసిన పువ్వు ఏది అన్నది చూస్తే తేలిగ్గా తెలిసిపోతుంది.

లెక్క పెట్టండి, లోపాలు రాసుకోండి

ఇంగ్లిష్ వాళ్ల లెక్కలో మామూలు టీ సెట్ అంటే 21 ముక్కలు: ఆరు కప్పులు, ఆరు సాసర్లు, ఆరు చిన్న ప్లేట్లు, బ్రెడ్డుకో కేకుకో ఒక పెద్ద ప్లేటు, పాల జగ్గు, చక్కెర గిన్నె. కెటిల్ ఈ లెక్కలో లేదు, అది విడిగా కొనుక్కునేవాళ్లు. మన దగ్గర చూసేవాళ్లు మొదట అడిగేది "కెటిల్ ఏది?" అనే. అది పోయిందనుకుని ధర తగ్గించకండి, సెట్‌లో మొదటి నుంచీ ఉండదని చెప్పండి. కెటిల్ ఉంటే మాత్రం అది అదనపు విలువ. పన్నెండు మందిదైతే 40 ముక్కలు ఉంటాయి, పెద్ద ప్లేట్లు రెండు.

ఇక కడగడం. స్టీలు పీచు, గిన్నెలు తోమే పొడి, బ్లీచింగ్ దగ్గరికి రానివ్వకండి. ఇత్తడికి రుద్దినట్టు చింతపండు కూడా రుద్దకండి. ప్లాస్టిక్ టబ్బులో అడుగున పాత టవల్ పరిచి, గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల లిక్విడ్ సబ్బు వేసి, ఒకసారికి ఒక్క ముక్కే మెత్తటి గుడ్డతో కడగండి. చేతి ఉంగరాలు తీసేయండి. లోపల చాయ్ మరక ఉంటే తినే సోడా తడిపి ముద్దగా చేసి మరక మీదే పెట్టి, కాసేపయ్యాక తడి గుడ్డతో తుడవండి, బంగారు గీతకు తగలనివ్వకండి. వేడి నీళ్లు పోయొద్దు, ఎక్కడన్నా సన్న పగులుంటే అది సాగుతుంది. బంగారు గీత ఉన్నదేదీ మైక్రోవేవ్‌లో పెట్టకూడదన్న మాట కొన్నవాళ్లకు కూడా చెప్పండి.

అన్నీ ఆరాక ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చూడండి. ఇది విసుగు పని, కానీ అమ్మకం మొత్తంలో ఇంతకంటే ఫలితం ఇచ్చే గంట ఇంకోటి ఉండదు. అంచు చుట్టూ వేలి కొన తిప్పండి, కంటికి కనిపించని పెచ్చు వేలికి తగులుతుంది. పిడి కప్పుకు అతికే రెండు చోట్లా టార్చ్ వేసి చూడండి, పగుళ్లు మొదలయ్యేది అక్కడే. కాజీపేటలో ఒక ఇంట్లో చూసిన కప్పులు గుర్తొస్తున్నాయి. ఆరింటిలో రెండింటికి మాత్రమే పిడి పైన, బొటనవేలు ఆనే చోట, బంగారు గీత అరిగి తెల్లగా అయింది. మిగతా నాలుగూ కొత్తవాటిలా ఉన్నాయి. ఇంట్లో రోజూ చాయ్ తాగింది ఇద్దరే మరి. ఇలాంటి అరుగుదల లోపం కిందికి రాదు, వయసు కిందికి వస్తుంది. కానీ చెప్పాల్సిందే.

పాత అతుకులు పట్టుకోవడానికి ఒక చిట్కా ఉంది. దొంగనోట్లు చూడటానికి దుకాణాల్లో వాడే నీలి లైటు ఉంటుంది కదా, చీకట్లో దాని కింద కప్పు తిప్పి చూడండి. అతికించి రంగు వేసిన చోటు మిగతా కప్పు కంటే వేరే రంగులో మెరుస్తుంది. విరిగిన ముక్క దొరికిందని ఫెవిక్విక్ పెట్టి మీరు అతికించకండి. విరిగిన కప్పును విరిగిన కప్పుగా, ముక్కతో సహా ఇస్తే కొనేవాళ్లు గౌరవిస్తారు. జిగురు మరకతో ఇస్తే సెట్ మొత్తాన్నీ అనుమానిస్తారు.

ఏ ముక్కకు ఏముందో నోట్ పుస్తకంలో రాయండి: "సాసర్ 3, అంచు మీద బియ్యపు గింజంత పెచ్చు." ఈ జాబితానే తర్వాత ప్రకటన అవుతుంది, బేరంలో మీకు అండ కూడా అవుతుంది.

ధర ఎలా తేల్చాలి

ఇంటర్నెట్‌లో కనిపించే ధరల్లో ఎక్కువ భాగం అడిగే ధరలే. అడగడానికి ఎవరైనా ఎంతైనా అడగొచ్చు. ఈబేలో కంపెనీ పేరు, డిజైన్ పేరు కొట్టి, అమ్ముడైపోయినవి మాత్రమే చూపించే ఫిల్టర్ పెట్టుకోండి. ఏ ధరకు చేతులు మారాయో అక్కడ కనిపిస్తుంది. మీలాంటి సెట్, మీలాంటి స్థితి, అన్ని ముక్కలూ ఉన్నవాటినే పోల్చండి. అన్నిటికంటే ఎక్కువ ధర పలికినదాన్ని పక్కన పెట్టేయండి. డిజైన్ పేరు తెలియకపోతే సాసర్ ఫొటోతో గూగుల్ లెన్స్‌లో వెతకండి, దాదాపు దొరుకుతుంది.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. ఇంగ్లండ్‌లో ఇప్పుడు ఈ సెట్లు తక్కువకే దొరుకుతున్నాయి. అక్కడి కొత్త తరం వీటిని వాడటం మానేసింది, పెద్దవాళ్లు పోయాక ఇళ్ల నుంచి సామాను, దానంగా వచ్చిన వస్తువులు అమ్మే దుకాణాలకు వచ్చి పడుతోంది. అందుకే సెట్‌ను తిరిగి ఇంగ్లండ్‌కు అమ్మాలన్న ఆలోచన చాలావరకు దండగ. పంపే ఖర్చే మింగేస్తుంది. మీ అసలు కొనుగోలుదారు హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, మన హన్మకొండలోనో ఉన్నారు. అలాంటి సెట్ కావాలంటే వాళ్లు విదేశం నుంచి తెప్పించుకోవాలి: అక్కడి ధర, పార్సిల్ ఖర్చు, కస్టమ్స్ సుంకం, దారిలో పగులుతుందేమోనన్న టెన్షన్. ఈ మొత్తం కలిపి ఎంతవుతుందో లెక్కేసి, దానికి కొంత తక్కువలో మీ ధర పెట్టండి. వాళ్లకు లాభం, మీకూ గిట్టుబాటు.

మరో వైపు కూడా చూడాలి. మన దేశంలో తయారైన కొత్త బోన్ చైనా సెట్లు ఇప్పుడు ఏ సామాన్ల దుకాణంలోనైనా దొరుకుతాయి. పేరు లేని కంపెనీ, రెండు మూడు పెచ్చులు ఉన్న సెట్‌కు ఆ కొత్తదాని కంటే ఎక్కువ అడిగితే ఎవరూ రారు.

చివరికి మూడు అంకెలు కాగితం మీద రాసుకోండి: చెప్పే ధర, సంతోషంగా ఇచ్చే ధర, దానికి తక్కువైతే ఇవ్వని ధర. మూడోది ఇంట్లో ఇంకొకరికి కూడా తెలిసి ఉండాలి. లేకపోతే ఎదుటి మనిషి తియ్యగా మాట్లాడితే మొహమాటంలో దిగిపోతాం.

నూరేళ్లు దాటిన సామాను అయితే ఒక జాగ్రత్త. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన కళాత్మక వస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. వాటి వ్యాపారం చేయాలంటే లైసెన్సు కావాలి. అలాంటి సెట్‌ను అమెరికాలో ఉన్న మేనల్లుడి సూట్‌కేసులో పెట్టి పంపే ముందు, హైదరాబాద్‌లోని పురావస్తు సర్వేక్షణ శాఖ ఆఫీసులో అడిగి తెలుసుకోండి.

ఎవరికి అమ్మాలి

నా మాట వినేవాళ్లయితే, వాడుకోవడానికి కొనేవాళ్లకు అమ్మండి. హన్మకొండ, వరంగల్‌లో కొత్తగా కేఫ్‌లు పెట్టినవాళ్లు, పెళ్లి ఫొటోలకు సెట్టింగులు వేసేవాళ్లు, ఇంటీరియర్ డిజైనర్లు, పాత సామాను మీద ప్రేమ ఉన్న డాక్టర్లు, ప్రొఫెసర్లు ఉన్నారు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో, కాలేజీ పూర్వ విద్యార్థుల గ్రూపులో ఒక్క ఫొటో పెట్టి చూడండి. కాజీపేట ఫాతిమా నగర్ వైపు పాత కుటుంబాల్లో ఇలాంటివి వాడినవాళ్లు, పగిలిన కప్పుకు జోడీ వెతికేవాళ్లు ఇప్పటికీ ఉంటారు.

హైదరాబాద్ పాత వస్తువుల వ్యాపారులు రెండో దారి. డబ్బు వెంటనే చేతికొస్తుంది, కానీ వాళ్లు మళ్లీ అమ్మాలి, అద్దె కట్టాలి, ఏడాది పాటు అల్మారాలో ఉంచుకోవాలి. కాబట్టి వాళ్లు అమ్మే ధరలో సగమైనా మీకు రాకపోవచ్చు. అది మోసం కాదు, వ్యాపారం. ఒక్కరికే చూపించకుండా ఇద్దరు ముగ్గురికి చూపించి మాటలు పోల్చుకోండి. జుమ్మేరాత్ బజార్, ఎర్రగడ్డ ఆదివారం సంత తిరిగి రావడానికి బాగుంటాయి, ఇలాంటి సెట్ అమ్మడానికి కాదు.

ఓఎల్ఎక్స్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్, ఇన్‌స్టాగ్రామ్ మూడో దారి. ఎక్కువ ధర ఇక్కడే వస్తుంది, విసిగించే ఫోన్లు కూడా ఇక్కడే వస్తాయి.

ఫొటోలు, ప్రకటన

పొద్దున తొమ్మిదింటికి వరండాలో, ఎండ నేరుగా పడని చోట ముదురు రంగు బట్ట పరిచి తీయండి. రంగురంగుల కొత్తవాడ దర్రీ అందంగానే ఉంటుంది కానీ కప్పుల పూలు అందులో కలిసిపోతాయి. సెట్ మొత్తం ఒకటి, అడుగు ముద్ర దగ్గరగా ఒకటి, ఒక కప్పు వెలుతురు దాటేలా ఒకటి, ప్రతి లోపానికీ వేలు చూపిస్తూ ఒకటి. ఫ్లాష్, ఫిల్టర్లు వద్దు.

రాసేది ఇలా ఉంటే చాలు:

"ఇంగ్లండ్‌లో తయారైన రాయల్ ఆల్బర్ట్ బోన్ చైనా టీ సెట్, ఓల్డ్ కంట్రీ రోజెస్. మొత్తం 21 ముక్కలు, కెటిల్ లేదు. సాసర్ ఒకదానికి అంచున బియ్యపు గింజంత పెచ్చు ఉంది. రెండు కప్పుల పిడి మీద బంగారు గీత అరిగింది. ఫొటోలు చూడండి. మిగతావాటికి పగుళ్లు, అతుకులు లేవు. 1980ల నుంచి మా ఇంట్లో ఉంది. హన్మకొండలో చూసుకోవచ్చు. సెట్‌గానే ఇస్తాం."

ధర రాయండి. "ఇన్‌బాక్స్ చేయండి" అని పెడితే నిజంగా కొనేవాళ్లు సగం మంది అడగకుండానే దాటిపోతారు.

బేరం, డబ్బు

చూడటానికి వచ్చినవాళ్లను ఇంటికి పిలవడం ఇష్టం లేకపోతే రెండు కప్పులు, రెండు సాసర్లు తీసుకుని జనం ఉండే హోటల్లో కలవండి. ఇంటికి వస్తే మీతో ఇంకొకరు ఉండేలా చూసుకోండి.

బేరం ఇలా మొదలవుతుంది: "మేడం, ఇవి ఇప్పుడెవరు వాడుతరు? పెచ్చు కూడా ఉన్నది. సగానికియ్యండి." దానికి కోపం తెచ్చుకోకండి, సంజాయిషీ కూడా ఇవ్వకండి. "పెచ్చు లెక్కేసే ఈ ధర చెప్పిన సార్, ప్రకటనలో రాసినం కదా. మీరు ఎంత వరకు రాగలరో చెప్పండి" అనండి. లోపం ముందే మీ నోటి నుంచి వచ్చింది కాబట్టి దాన్ని చూపించి తగ్గించే వీలు వాళ్లకు ఉండదు. "ఆరు కప్పులు మాత్రం ఇవ్వండి" అనేవాళ్లకు సున్నితంగా వద్దని చెప్పండి. కప్పులు పోయాక మిగిలిన ప్లేట్లు, గిన్నె ఏళ్ల తరబడి మీ దగ్గరే ఉండిపోతాయి. అప్పటికే రెండు మూడు కప్పులు పగిలిపోయిన సెట్ అయితే లెక్క వేరు. అప్పుడు కప్పు, సాసర్, చిన్న ప్లేటు మూడూ కలిపి జోడీలుగా విడివిడిగా అమ్మడమే లాభం.

ఆన్‌లైన్ బేరాల్లో ఒక మోసం అందరికీ తెలియాలి. "నేను ఆర్మీలో చేస్తాను, సామాను చూడాల్సిన పని లేదు, ఇప్పుడే డబ్బు పంపుతా" అని ఫోన్ వస్తుంది. తర్వాత ఒక క్యూఆర్ కోడ్ పంపి, "స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు మీ ఖాతాలో పడుతుంది" అంటారు. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అవసరం లేదు. పిన్ కొట్టారంటే మీ ఖాతాలోంచి పోతున్నట్టే. అలా పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. అలాగే డబ్బు పంపినట్టు స్క్రీన్‌షాట్ చూపిస్తే అది చాలదు, మీ బ్యాంకు ఖాతాలో పడిందో లేదో చూసుకున్నాకే పెట్టె కదపండి.

ప్యాకింగ్

కొన్నవాళ్లు హైదరాబాద్‌లో ఉంటే, కుదిరితే మీరే తీసుకెళ్లి ఇవ్వండి. కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు రైల్లో రెండు గంటల చిల్లర. పెట్టె ఒళ్లో, కాళ్ల దగ్గర పెట్టుకుని పోతే ఏ కొరియరూ అంత భద్రంగా చేర్చదు.

పంపక తప్పకపోతే రెండు పెట్టెలు కావాలి, ఒకదానిలో ఒకటి పట్టేలా. ప్రతి ముక్కనూ ముందు తెల్ల కాగితంలో, తర్వాత బబుల్ ర్యాప్‌లో రెండు చుట్లు చుట్టండి. న్యూస్ పేపర్ నేరుగా తగిలితే సిరా మరక పడొచ్చు. కప్పు లోపల కాగితం ఉండ నింపండి, పిడి సందులో కూడా. కప్పుల్లో కప్పులు పెట్టొద్దు. ప్లేట్లు, సాసర్లు పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టండి. ఒకదాని మీద ఒకటి పేరిస్తే కుదుపుకు అడుగువి పగులుతాయి. చక్కెర గిన్నె మూత విడిగా చుట్టాలి. చిన్న పెట్టె నింపి మూసి ఊపితే ఏ చప్పుడూ రాకూడదు. పెద్ద పెట్టెలో అన్ని వైపులా రెండు మూడు అంగుళాల మందం థర్మాకోల్ ముక్కలో, నలిపిన కాగితమో వేసి చిన్న పెట్టె మధ్యలో కూర్చోబెట్టండి. స్టాఫర్డ్‌షైర్‌లో ఒకప్పుడు ఈ సామానును గడ్డిలో పేర్చే ఓడలెక్కించేవాళ్లు. మన దగ్గర వరి గడ్డికి కొదవ లేదు, పూర్తిగా ఎండినదైతే బయటి పెట్టెలో వాడుకోవచ్చు. తడి ఉంటే మాత్రం పురుగు, బూజు పడుతుంది.

కొరియర్ ఆఫీసులో పగిలే సామానుకు పరిహారం ఇస్తారా లేదా అని ముందే అడిగి, ఇస్తామంటే రాతపూర్వకంగా తీసుకోండి. చాలాచోట్ల పింగాణీకి ఇవ్వరు. అందుకే పంపే ముందు కొన్నవాళ్లతో ఒక మాట అనుకోండి: దారిలో పగిలితే నష్టం ఎవరిది, ఎంత వరకు. ఆ మాట వాట్సాప్‌లో రాసి ఉంచండి. ప్యాక్ చేస్తున్నప్పుడు ఒక్కో ముక్కా చూపిస్తూ వీడియో తీసి పంపండి, వాళ్లను కూడా పెట్టె విప్పేటప్పుడు ఆపకుండా వీడియో తీయమనండి. ఏదైనా పగిలి ఉంటే ఆ ముక్కలు పారేయకుండా, పెట్టె కూడా ఉంచమని చెప్పండి. కొరియర్ వాళ్లను పరిహారం అడగాలన్నా, మీ ఇద్దరి మధ్య లెక్క తేలాలన్నా అవి కావాల్సి వస్తాయి.